కన్ను వేరే, కిడ్నీ వేరే

"విప్పు" అంది రేణుకమ్మ.

"విప్ప" అంది యమున.

మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని యమున కదలకుండా కూర్చుంది. రేణుకమ్మ నడుం మీద చేతులు వేసుకుని ఎదురుగా నిలబడింది. ఇద్దరి మధ్యా మగ్గం మీద నెమలికంఠం రంగు చీర, దానికి ఎర్రటి పట్టు అంచు, అంచు పొడుగునా గుడి గోపురాల్లాంటి కోటకొమ్మలు. తొమ్మిది గంటలకు గద్వాల బస్టాండులో వనపర్తి బస్సు ఎక్కాల్సిన ఇల్లు ఎనిమిదిన్నరకు ఈ స్థితిలో ఉంది.

"ఏడు మూరలు నేసినవు. ఏడు మూరల్ల అంచు పాము పోయినట్ల పోయింది. గిది కొన్నోడు కట్టుకుంటడా, చూసి పారిపోతడా?"

"కట్టుకునేది ఆడిది గదత్తా."

"నోరు మాత్రం వంకర లేకుండ నేస్తవు. విప్పు!"

ఇది నిన్న మొన్నటి పేచీ కాదు. మూడు వారాలుగా సాగుతోంది. మగ్గంలో లోపం ఉందేమోనని వడ్రంగి వెంకటన్నను మూడుసార్లు పిలిపించారు. అతను మొదటిసారి మేకులు బిగించాడు. రెండోసారి గుంజలు సరిచేశాడు. మూడోసారి రసమట్టం మగ్గం మీద పెట్టి, బుడగ నడిమధ్యన నిలబడేదాకా ఆగి, ఆ రసమట్టాన్ని అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఈ ఇంట్లో తన కంటే దానికే ఎక్కువ పని ఉందన్నాడు.

రేణుకమ్మ భర్త ఈరన్న శాంతి కోరే మనిషి. ఆయన ఒక దారం తెచ్చి, అంచు వెంట ఈ కొస నుంచి ఆ కొసకు బిగించి పట్టుకున్నాడు.

"ఇగో చూడు. అంచు మీద దారం, దారం మీద అంచు. ఎంట్రుకంత ఎడం లేదు."

"దారం వంకరున్నది."

"గుంజి పట్టిన దారం వంకర ఎట్లుంటదే?"

"పట్టుకున్నది నువ్వు గదా. ఉంటది."

ఈరన్న దారం చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్న విద్య అదొక్కటే.

యమున గుంటలోంచి లేచింది. రేణుకమ్మ ఆమెకు ఉత్త అత్త కాదు, మేనత్త. యమున తండ్రి బుచ్చన్న రేణుకమ్మకు సొంత తమ్ముడు. అందుకే కోడళ్ళు మామూలుగా మింగేసే మాటలు యమున మింగదు. అత్తలు మామూలుగా దాచుకునే మాటలు రేణుకమ్మ దాచుకోదు.

"నా నేత పనికిరాదు, నా కిడ్నీ పనికిరాదు" అంది యమున. "గ్రూపు కలిసిందని డాక్టరే చెప్పిండు. నీ కొడుక్కు ఇస్త అంటే వద్దంటవు. నేస్త అంటే విప్పమంటవు. మరి నన్నెందుకు తెచ్చుకున్నవత్తా ఈ ఇంటికి?"

"రేపు పిల్లలు కావాల్సిన దానివి. కడుపు కోయించుకుంటవా? నేను బతికుండంగ నీ మీద కత్తి పడొద్దు. నాది ఉన్నది, నేనిస్త. నువ్వు అంచు సక్కగ నెయ్యి, చాలు."

ఇది ప్రేమో తిట్టో యమునకు అర్థం కాలేదు. రేణుకమ్మకు కూడా ఆ రెండూ వేరని ఎవరూ చెప్పినట్టు లేదు.

లోపలి నుంచి రేణుకమ్మ కొడుకు, యమున మొగుడు భానుప్రకాశ్ వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు. ముఖం ఉబ్బి, కాళ్ళు సన్నబడి, చేతిలో సీసా పట్టుకుని ఉన్నాడు. ఆ సీసాలో ఉన్నవే అతను రోజంతా తాగదగ్గ నీళ్ళు. యమున దాని మీద ఎర్రదారం నాలుగు చోట్ల కట్టింది. ఒక్కో దారానికి ఒక్కో పూట. ఎనిమిది నెలల కింద ఒంటికి నీరు పట్టింది, మూత్రం నురగలు కక్కింది. ఇప్పుడు వారానికి రెండుసార్లు కర్నూలు పోయి మిషను మీద రక్తం కడిగించుకుంటున్నాడు. అంతకుముందు చీరల అంచులకు గళ్ళ కాగితాల మీద నమూనాలు గీసేవాడు. ఇప్పటికీ గీస్తాడు, రోజుకు రెండు పువ్వులు, అలసిపోయేదాకా.

"మీరిద్దరు ఇట్లనే కానియ్యండి" అన్నాడు. "బస్సుకు నేనొక్కణ్ణే పోయి, ఇచ్చేటోళ్ళు లేకుండనే కిడ్నీ పెట్టుమని అడుగుత."

అందరూ ఒక్కసారిగా చెప్పులు వెతుక్కున్నారు.

* * *

పెబ్బేరులో బుచ్చన్న బస్సెక్కాడు. మగ్గం గుంటలో కూర్చోవడం తన వల్ల కాదని చిన్నప్పుడే పారిపోయి, పెబ్బేరు అంగడిలో ఎడ్లబేరం కుదిర్చే పనిలో స్థిరపడ్డ మనిషి. ఈ రోజు అంగడి రోజు. అంగడి వదులుకుని వచ్చానని ఎక్కిన దగ్గర్నుంచీ నాలుగుసార్లు చెప్పాడు.

నెల కింద ఆయన చుట్టాలందరి ముందూ ఛాతీ చరుచుకుని, "అల్లునికి నా రెండూ తీసుకోండి" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయనకు రోజూ ఎడమ పక్క నొప్పి లేస్తోంది.

"అక్కా" అన్నాడు రేణుకమ్మ పక్కన కూర్చుని. "ఎద్దును కొనేటోడు పండ్లు చూస్తడు, నడక చూస్తడు. నాకు పండ్లే ఏడు మిగిలినయి. మోకాలు పట్టుకుంటది. గిట్లాంటోని సరుకు అల్లునికి అంటగడితే పాపం గదా?"

"నీది ఎవరు అడిగిండ్రురా? నాది తీసుకుంటరు."

"నీది తీసుకుంటే సరే. నేనైతే సిద్ధంగనే ఉన్న, చెప్తున్న."

"చెప్పుడు మాత్రం బంద్ చెయ్యవు" అంది రేణుకమ్మ.

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. తనకు తాను ఏదో వల్లించుకుంటున్నట్టు పెదవులు కదులుతున్నాయి. యమున అది జపమనుకుంది. తన అంచు వంకర సరికావాలనే మొక్కుతోందని కూడా అనుకుంది. మొహం పక్కకు తిప్పుకుంది.

అది జపం కాదు. పోయినసారి వనపర్తి నర్సింగ్ హోములో మూడు గంటలు కూర్చోబెట్టినప్పుడు, కళ్ళ పరీక్ష అక్షరాల అట్ట సరిగ్గా రేణుకమ్మ పక్క గోడకే వేలాడుతోంది. ఆమె దగ్గరికి జరిగి, పైనుంచి అడుగు వరుస దాకా అక్షరాలన్నీ కంఠతా పట్టింది. కొన్నాళ్ళుగా ఆమెకు మనుషుల ముఖాలు మధ్యలో మసకబారుతున్నాయి. వయసు మీద పడుతోందనుకుంది. అయితే ఆ సంగతి పైకి తెలిస్తే, ఈ ముసలిది పనికిరాదని డాక్టరు తన కిడ్నీ పక్కన పెడతాడని భయపడింది. కొడుకు కోసం ఒక అబద్ధం ఆడితే ఏ దేవుడూ లెక్కపెట్టడని తీర్మానించుకుంది.

* * *

కిడ్నీల డాక్టరు వెంకట్రాములు హైదరాబాదు నుంచి నెలకోసారి వస్తాడు. పుట్టింది కోడేరులో. అందుకని ఆయన దగ్గర మందుచీటీ తప్ప మిగతాదంతా పాలమూరు భాషే.

"మీ అందరి రక్తం రిపోర్టులు వచ్చినయి" అన్నాడు. "జర మంచిగ వినండి. మన రక్తంల కావలి ఉంటది, కాంప్లిమెంటు అంటరు. బయటి నుంచి క్రిమి వస్తే మీదపడి చంపుతది. రాత్రీ పగలూ కత్తి పట్టుకునే ఉంటది. అందుకని దాన్ని ఆపేటోడు ఇంకొకడు ఉండాలె. ఇది మనిల్లు, కత్తి దించు అని చెప్పేటోడు. భానుప్రకాశ్ రక్తంల ఆ ఆపేటోనికి బలం లేదు. అందుకే కావలి పోయి సొంత కిడ్నీల మీద పడ్డది."

ఈరన్న తలూపాడు. "అంటే దొంగల మీద పడాల్సింది ఇంట్లోళ్ళ మీద పడ్డదన్నమాట."

"సరిగ్గ అంతే."

"సమజైంది సారూ. మా ఇంట్ల గూడ ఉన్నది అట్లాంటిదొకటి."

"బయటికి పోనియ్యి, నీకు చెప్త" అంది రేణుకమ్మ, డాక్టరు ముందని గొంతు తగ్గించి.

డాక్టరు నవ్వు దాచుకుని కాగితం తిప్పాడు. "ఆ కావలి ఉత్తగనే కొట్లాడి కొట్లాడి ఖర్చైపోతే, రక్తంల సీ-త్రీ అనేది తక్కువైతది. భానుకు బాగ తక్కువున్నది. అమ్మా, నీకు గూడ కొంత తక్కువే ఉన్నది."

"తిండి తక్కువైందేమో సారూ. రెండు దినాలు పాలు తాగి వస్త."

"పాలకు రాదమ్మా. పోయినసారి నీ కొడుకు కండ్లు చూసిన. లోపలి పొర మీద పసుపు చుక్కలు ఉన్నయి. ఇప్పుడు నీ కండ్లు చూడాలె."

"కండ్లెందుకు?" ఆ ప్రశ్న రేణుకమ్మ అవసరమైన దాని కంటే గట్టిగా అడిగింది.

"ఆపేటోడు లేకుంటే ఆ కావలి ఒకరికి కిడ్నీల జల్లెడ చింపుతది. ఒకరికి కంటి వెనక చెత్త పేరుస్తది. కొందరికి కీళ్ళ మీద, చర్మం మీద పడ్తది. సొంత ఒంటి మీద తిరగబడే జబ్బులు చానా ఉన్నయి. ఒక్క రక్తంల ఒకరికి కన్ను, ఒకరికి కిడ్నీ పోవచ్చు. ఈ ముచ్చట పెద్ద పెద్దోళ్ళకే ఈ మధ్యన తెలిసింది. పో అమ్మా, హెప్సిబా చూస్తది."

* * *

కళ్ళ గదిలో పరీక్షలు చేసే హెప్సిబా తెల్లకోటు వేసుకుని ఉంది. యమున అత్తకు తోడుగా వెళ్ళింది. ఈరన్న గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఎడమ కన్ను మూసుకో అమ్మా. కుడికంటితోని ఎదురుగ అట్ట మీద చదువు."

రేణుకమ్మ గొంతు సవరించుకుంది. "గ. ర, మ. ప, ల, న, త. వ, ఘ, స, య, డ..." అంటూ ఆపకుండా, తడుముకోకుండా అడుగు వరుస దాకా వచ్చి, బడిలో పద్యం అప్పజెప్పిన పిల్లలా నిలబడింది.

హెప్సిబా అట్ట వంక చూసింది. రేణుకమ్మ వంక చూసింది.

"అమ్మా, అక్షరాల అట్ట చినిగిందని పోయిన వారం మార్చినం. ఇది అంకెలది."

గుమ్మం దగ్గర ఈరన్నకు పొలమారింది.

"అంకెలు నేను చదువుకోలేదమ్మా" అంది రేణుకమ్మ తడబడకుండా. బజారులో అణా పైసా తేడా రానివ్వని మనిషి ఆ మాట అంటుంటే యమున నోరు తెరుచుకుని చూసింది.

హెప్సిబా మంచి మనిషి. కోప్పడలేదు. డెస్కులోంచి అరచేయంత అట్ట ఒకటి తీసి ఇచ్చింది. తెల్లటి అట్ట మీద నల్లటి గళ్ళు, నడుమ ఒక చుక్క. "చదివేది ఏం లేదు. చుక్క మీద చూపు పెట్టు. గీతలు ఎట్ల కనబడుతున్నయో చెప్పు."

రేణుకమ్మ ముఖం వికసించింది. గళ్ళ కాగితం! ఇది తన రాజ్యం. నలభై ఏళ్ళు మగ్గం మీద బతికిన మనిషికి గళ్ళ సంగతి ఎవరు చెప్పాలి?

"ఇది ఎవరు గీసిండ్రు?" అంది అట్టను కంటికి దగ్గరగా పెట్టుకుని.

"కంపెనీ నుంచే వస్తదమ్మా."

"కంపెనోళ్ళకు సిగ్గు లేదు. నా కొడుకు గిట్ల గీస్తే చింపి పొయ్యిల పెడ్త. చూడు, నడుమ పడుగు సడలింది. పేక లోపలికి గుంజుకపోయింది. గీడ వంకర, గీడ వంకర. ఇగో, గీడైతే నాలుగు గళ్ళు అసల్కే మాయం!" వేలు పెట్టి పెట్టి చూపించింది. తర్వాత గెలిచిన మనిషిలా యమున వైపు తిరిగింది. "చూసినవా? నీ అంచు లెక్కనే ఉన్నది."

హెప్సిబా రాస్తున్న కలం ఆగిపోయింది.

యమున అట్ట అందుకుని చూసింది. గీతలు పడుగు దారాల్లా నిటారుగా ఉన్నాయి. ఒక్క గడి తప్పలేదు.

మూడు వారాలుగా యమున ఈ రోజు కోసమే ఎదురుచూసింది. తన అంచు చక్కగా ఉందని తేలిననాడు అత్తతో ఏమనాలో, మగ్గం మీద నాడె విసిరిన ప్రతిసారీ ఒక మాట చొప్పున పేర్చి పెట్టుకుంది. మంచి మంచి మాటలు. మందిలో అనాల్సిన మాటలు. ఇప్పుడు అవన్నీ నోటిదాకా వచ్చాయి, ఒక్కటీ బయటికి రాలేదు. అత్త వేలు ఇంకా గాలిలో ఆ లేని వంకరను చూపిస్తూనే ఉంది. దాన్ని చూస్తే యమునకు దుఃఖం వచ్చింది.

"అత్తా, గీతలు సక్కగనే ఉన్నయి."

రేణుకమ్మ గుమ్మం వైపు చూసింది. ఈరన్న దగ్గరికి వచ్చి అట్ట చూసి, నేల చూపులు చూస్తూ, "సక్కగనే ఉన్నయే" అన్నాడు.

ఆమె అట్ట లాక్కుంది. కుడికంటితో చూసింది, ఎడమకంటితో చూసింది, మళ్ళీ కుడికంటితో చూసింది. అట్టను అడ్డం తిప్పితే వంకర కూడా అడ్డం తిరగాలి కదా. అట్ట తిప్పినా వంకర మాత్రం కదలకుండా కంటి ముందే ఉంది.

"అంటే నీ అంచు..."

"మంచిగనే ఉన్నదత్తా." తప్పు తనదే అయినట్టు పలికింది యమున.

"ఆ మాట ముందుగాల చెప్పొచ్చు గదనే!"

"మూడు వారాల నుంచి అదే చెప్తున్న గదత్తా!"

* * *

చుక్కల మందు వేసి, అరగంట ఆగి, డాక్టరు దీపం పెట్టి రెండు కళ్ళూ చూశాడు. చాలాసేపు చూశాడు. కొడుకు కంట్లో ఉన్న పసుపు చుక్కలే తల్లి కంట్లో ఇంకా ముదిరి ఉన్నాయి.

అందరినీ కూర్చోబెట్టి, చెప్పడానికి మాట వెతుక్కున్నాడు.

"అమ్మా, నీది తీసుకోను."

"కన్ను వేరే, కిడ్నీ వేరే సారూ" అంది రేణుకమ్మ వెంటనే. చుక్కల మందుకు కళ్ళు విప్పారి, ఆమె డాక్టరుతో కాకుండా పక్కనున్న బీరువాతో మాట్లాడుతోంది. "మీరు అడిగింది కిడ్నీ. కన్ను ఎవరడిగిండ్రు? అడిగింది ఇస్తనే ఉన్న, అడగంది ఎందుకు తవ్వి చూస్తుండ్రు?"

"రెండింట్లనూ పారేది ఒక్క రక్తమేనమ్మా. నీల గూడ ఆ ఆపేటోడు సరిగ్గ లేడని అనుమానం. ఒక కిడ్నీ తీస్తే నీకు మిగిలేది ఒక్కటి. రేపు కావలి దాని మీద పడితే? కర్నూలు బస్సుల మీ ఇంటోళ్ళకు రెండు సీట్లు కావాలె. భానుకు కొత్తది పెట్టినా ఈ జబ్బు మల్ల రావొచ్చు, అది నేను పోయినసారే చెప్పిన. ఒక భయం చాలు. రెండోది నేను తెచ్చిపెట్టను."

"నాకేమైతే ఏమాయె? నేను చూడాల్సింది చూసిన, తినాల్సింది తిన్న. నేను కన్న బిడ్డ సారూ. నేను ఇచ్చిన కిడ్నీలే గదా పాడైనయి, ఇంకొకటి ఇచ్చుకుంట. అడ్డం పడుడు మీకు న్యాయమేనా?"

ఆ మాటతో ఆమె ఏడ్చేసింది. ఇంట్లో అందరినీ ఏడిపించే మనిషి ఏడిస్తే ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. ఈరన్న జేబులో రుమాలు కోసం వెతికితే పొద్దుటి దారం ఉండ చేతికొచ్చింది. అదే ఇవ్వబోయి ఆగాడు.

భానుప్రకాశ్ తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "నీది నాకొద్దులే అమ్మా. నీది పెట్టుకుంటే, పొద్దుగాల లేచిన కాడికెల్లి 'నా కిడ్నీతోని బతుకుతున్నవు, పెండ్లాం మాట వింటున్నవు' అంటవు. ఆ మాట పడేకన్న కర్నూలు బస్సే నయం." నవ్వుతూనే అన్నాడు గానీ, పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

డాక్టరు బుచ్చన్న వైపు తిరిగాడు. "నువ్వు ఆమె తమ్మునివి గదా. అక్కకు ఉన్నది నీకు గూడ ఉండొచ్చు. నిన్ను గూడ పక్కకు పెట్టాలె."

బుచ్చన్న ఎడమ పక్క నొప్పి నెల తర్వాత ఆ క్షణంలో పోయింది. వెంటనే ఆయనకు పౌరుషం వచ్చింది. లేచి నిలబడ్డాడు.

"అట్లెట్ల సారూ? నేను పది మందిల మాటిచ్చిన. నా అల్లునికి నేను ఇస్త. తీయండి నాది!"

"అంతగనం పట్టుదల ఉంటే నీకు గూడ అన్ని పరీక్షలు చేయిస్త. తేలితే నీదే పెడ్దం."

బుచ్చన్న నెమ్మదిగా కూర్చున్నాడు. "పెద్దోళ్ళు మీరు వద్దన్నంక ఎదురు మాట్లాడుడు నాకు అలవాటు లేదు సారూ."

ఈరన్నకు పన్నెండేళ్ళుగా షుగరు. ఆయన పేరు నెల కిందే కొట్టేశారు. డాక్టరు కాగితం మీద వేలు కిందికి జరుపుకుంటూ వచ్చి, చివరి పేరు దగ్గర ఆగాడు. ఆ ముఖంలో వెలుగు అందరికీ కనిపించింది.

"యమున. వయసు ఇరవై నాలుగు. గ్రూపు కలిసింది. బీపీ లేదు, షుగరు లేదు. సంబంధం, భార్య." కలం మూత తీశాడు. "ఇగ పరేషాన్ ఎందుకు? బయటి నుంచి వచ్చిన పిల్ల. ఈ ఇంటి రక్తం కాదు. ఇంతకన్న మంచి మనిషి దొరకదు."

బుచ్చన్న పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. ఈరన్న చెప్పుల వైపు చూశాడు. భానుప్రకాశ్ నోరు తెరిచాడు గానీ, యమున బల్ల కింద అతని పాదం మీద తన మడమ పెట్టి గట్టిగా నొక్కింది. అతను నోరు మూసుకున్నాడు.

"నేనిస్త సారూ" అంది యమున. "యాడ సంతకం పెట్టాలె?"

డాక్టరు ఆమెను మెచ్చుకోలుగా చూసి రాయడం మొదలుపెట్టాడు.

కాగితాల్లో ఎక్కడా అబద్ధం లేదు. భార్య భార్యే. బుచ్చన్నను భాను మేనమామగా పరిచయం చేశారు, అదీ నిజమే. ఆ మేనమామే ఈ పిల్లకు తండ్రని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మేనరికం ఆ ఇళ్ళల్లో చెప్పుకోవాల్సిన సంగతే కాదు. మేనకోడలిని తెచ్చుకోవడం బంగారాన్ని పెట్టె మార్చి పెట్టుకోవడమని రేణుకమ్మ పెళ్ళినాడు పందిట్లో అందరికీ చెప్పి మరీ మురిసింది. ఆ పెట్టెలో ఇంకేం మారి వచ్చిందో ఆ రోజు ఎవరికి తెలుసు?

ఇప్పుడు తెలుసు. కలం కాగితం మీద నడుస్తోంది. నోరు కట్టేసుకుని ఇంకో నిమిషం కూర్చుంటే చాలు. కొడుక్కు కిడ్నీ వస్తుంది. పొద్దుటినుంచీ రేణుకమ్మ కావాలనుకున్నది అదొక్కటే. దాని కోసం అంకెలు రావని కూడా చెప్పింది. ఇంకొక్క అబద్ధం, అదీ నోరు తెరవక్కర్లేని అబద్ధం.

మసక కళ్ళకు ఎదురుగా యమున ముఖం కనిపించడం లేదు. చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. నాడె పట్టి పట్టి కాయలు కాసిన చేతులు, సంతకానికి ముందుకు చాచి.

"సారూ, రాయకు" అంది రేణుకమ్మ.

"అత్తా!"

"అది బయటి పిల్ల కాదు. నా తమ్ముని బిడ్డ. వీడే దాని నాయిన." బుచ్చన్న భుజం మీద చెయ్యి వేసింది. "నా రక్తంల ఉన్నది దాని రక్తంల గూడ ఉండొచ్చు గదా?"

డాక్టరు కలం పక్కన పెట్టేశాడు. కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడిచాడు. "కోడేరుల పుట్టి, మా ఇంట్లనే నాలుగు మేనరికాలు పెట్టుకొని, ఈ మాట అడగకపోవుడు నా తప్పు" అన్నాడు.

"నిన్నెవరు అడిగిండ్రత్తా?" యమున లేచి నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు, గొంతులో నిప్పులు. "మూడు వారాలు నా అంచు వంకరన్నవు, పడ్డ. మూడు వారాలు నోరు మూసుకోమంటే మూసుకోకపోతివి. ఇయ్యాల ఒక్క నిమిషం మూసుకోలేకపోయినవా? నీ కొడుకు కంటే నేను ఎక్కువైననా నీకు?"

రేణుకమ్మ కొడుకు వైపు చూడలేకపోయింది, కోడలి వైపు చూడలేకపోయింది.

"ఎక్కువ తక్కువ నాకు తెల్వదే" అంది చివరికి. "చెప్పకపోతే ఇంట్ల నీ మొకం చూడలేకపోదును."

భానుప్రకాశ్ తల వంచుకున్నాడు. ఆ గదిలో ఆమె చేసింది సరైన పని అని తెలిసినవాడు అతనొక్కడే. దాని ఖరీదు కట్టాల్సిందీ అతనే.

"ఉండండి, ఉండండి" అన్నాడు డాక్టరు. "రావొచ్చు, రాకపోవచ్చు. ఈమె వయసుకు కన్ను ఏం చెప్పదు. రక్తమే చెప్పాలె. సీ-త్రీ చూస్త, ఇంకొంచెం రక్తం హైదరాబాదుల నా దోస్తుకు పంపిస్త. పదిహేను దినాలు పడ్తది. అప్పటిదాక అవునని అనను, కాదని అనను."

హెప్సిబా సూది, సీసా తెచ్చింది. యమున ఎవరూ చెప్పకముందే గాజులు పైకి తోసుకుని, బల్ల మీద చెయ్యి చాచి, పిడికిలి బిగించింది. సూది దిగినప్పుడు ముఖం తిప్పుకోలేదు. అత్తనే చూస్తూ కూర్చుంది.

మసకలో కనబడకున్నా రేణుకమ్మకు తెలుసు, ఆ ముక్కు తనదే. కోపమొస్తే గడ్డం పైకెత్తే ఆ తీరు తనదే. ఆ మొండితనం అచ్చం తనదే. సీసాలోకి ఎర్రగా ఎక్కుతున్నదాంట్లో మాత్రం తన పోలిక ఒక్క చుక్క కూడా ఉండొద్దని, రేణుకమ్మ కళ్ళు మూసుకుని ఊరి దేవత జములమ్మకు మొక్కుకుంది.